కుడిపక్క, గోడవైపు

తలుపు మూసుకుంది. ఒబిరి వీపు, వీపు మీద బిగుసుకుపోయిన బూడిదరంగు కోటు, కోటు మెడ దగ్గర పొద్దున ఇస్త్రీ చేస్తూ సెర్వా మాడ్చిన చిన్న మచ్చ, అన్నీ ఆ తలుపు అవతలికి వెళ్ళిపోయాయి. ఈసారీ ఇద్దరినీ విడివిడిగానే అడుగుతారని ముందే చెప్పాడు వకీలు. మొదట మొగుణ్ణి పిలిచి అడిగి రాసుకుంటారు, ఆ తర్వాత పెళ్ళాన్ని పిలిచి అవే ప్రశ్నలు అడుగుతారు, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. కలిస్తే మొగుడూ పెళ్ళాలు, కలవకపోతే దొంగలు. "నిజమే చెప్పండి, కానీ ఇద్దరూ ఒకే నిజం చెప్పండి" అని లిఫ్టులో గొంతు తగ్గించి అన్నాడు ఆ నైజీరియా వకీలు, అని ఒబిరి వెనకాలే తనూ లోపలికి వెళ్ళిపోయాడు. సెర్వా ఒక్కతే మిగిలింది, గోడకి ఆనించిన కుర్చీలో, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని. వేళ్ళు వాటంతట అవే సంచీ పట్టెడకున్న మూడు తాళ్ళనీ జడ అల్లుతున్నాయి, విప్పుతున్నాయి, మళ్ళీ అల్లుతున్నాయి. బ్రాంక్సులో జడలల్లే కొట్టులో పొద్దస్తమానం చేసే పనే అది, వేళ్ళకి సెలవంటే ఏమిటో తెలీదు.

ఇమ్మిగ్రేషన్ ఆఫీసు గది నిండా జంటలే. బయట వీధిలో ఎవరి దారిన వాళ్ళు నడిచే జనం ఇక్కడికొచ్చేసరికి పట్టుకున్న చేతులు వదలరు. ఎదుటి వరసలో ఒక ముసలి తెల్లాయన, పక్కన థాయిలాండు పిల్ల కాబోలు, నారింజ తొనలు వలిచి ఆయన నోట్లో పెడుతోంది, ఆయన నమిలే తీరు చూస్తే ఆ పిల్ల పుట్టినరోజు తారీఖు మనసులో వల్లె వేసుకుంటున్నట్టుంది. వాళ్ళ పక్కన బంగ్లాదేశ్ జంట, ఇటుకంత లావు పెళ్ళి ఆల్బమ్, ఆల్బమ్ మీద ఇద్దరి చేతులూ, ఎవరైనా వచ్చి లాక్కుపోతారేమో అన్నట్టు. ఈ గదిలో ఉన్నంత ప్రేమ ఏ పార్కులోనూ ఉండదు చూడు, అని ఒబిరి క్రితంసారి ఇదే వరసలో కూర్చుని చెవిలో అంటే తను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. భుజాలు కదిలేలా నవ్వింది, కాపలా మనిషి ఇటు తిరిగి చూసేదాకా నవ్వింది. క్రితంసారి. అప్పటికే అమ్మ పోయింది. తనకి తెలీదు. పక్కన కూర్చుని నవ్వించిన మనిషికి తెలుసు.

ఆ మాట తలుచుకోకూడదు ఇప్పుడు. ముఖం తేటగా ఉంచుకోవాలి. బిరాగో పొద్దున ఫోన్ చేసి మరీ చెప్పింది, బిరాగో అంటే ఒబిరి అక్క, ఆ ఇంట్లో ఎవరు ఏ రంగు బట్ట కట్టాలో కూడా ఆవిడే తేలుస్తుంది. "ఆ గదికి నల్లబట్టలేసుకుని తగలడకు పిల్లా. పెళ్ళికూతురిలా వెళ్ళు. ఏడుపెక్కడికీ పోదు, తర్వాత తీరిగ్గా ఏడవచ్చు. మంచం సంగతి అడుగుతారు, ఒకే మంచం అని చెప్పండి ఇద్దరూ, నాకు తెలీదనుకోకు." ఏం తెలుసు ఆవిడకి? అన్నీ తెలుసు. ఒబిరి చెప్పి ఉండడు, అడిగి ఉంటుంది, అడిగితే అతను దాచలేడు. అందుకని పసుపుపచ్చ గౌను వేసుకుంది సెర్వా, చెవులకి పోగులు పెట్టుకుంది, పెదాలకి రంగు పూసుకుంది, కన్నతల్లి మట్టికి చేరకుండా ఐసులో పడుకుని ఉండగా ముస్తాబై కూర్చుంది. అద్దంలో చూసుకుంది. రంగు తుడిచేసి, మళ్ళీ పూసుకుంది.

వాళ్ళూరు కుమాసీలో ఆసుపత్రి మార్చురీ. ఆకుపచ్చ రంగు ఇనప తలుపులు, తను చిన్నప్పుడు పెద్దమ్మ పోయినప్పుడు చూసింది. పెద్దకూతురు రాకుండా తల్లిని సాగనంపడం వాళ్ళ ఇంట్లో ఎవరూ ఎరగరు. కూతురు ఎర్రంచు నల్లబట్ట కట్టుకుని జనం మధ్యలో నిలబడాలి, అల్లుడు లేచి అందరూ చూస్తుండగా గుడ్డా మందూ సమర్పించాలి, అప్పుడే ఆ మనిషి వెళ్ళినట్టు, అప్పటిదాకా గడప మీద నిలబడి ఉన్నట్టే. లండన్ కొడుకు కోసం, జర్మనీ కూతురి కోసం ఎందరు ముసలివాళ్ళు అలా ఎదురుచూడలేదు, ఒక నెల, రెండు నెలలు, ఎవరూ తప్పుపట్టరు. కానీ అమ్మ పోయింది హర్మటాన్ గాలికి దుమ్ము రేగే కాలంలో. ఆ దుమ్ము పోయింది, వానలు పడ్డాయి, వానలు వెలిశాయి, మళ్ళీ దుమ్ము వచ్చే వేళయింది. గ్రీన్‌కార్డు రాకుండా విమానం ఎక్కితే తిరిగి ఈ గడ్డ మీద కాలు పెట్టనివ్వరని వకీలు చెప్పాడు. ఎక్కేద్దునా, ఎక్కితే ఏమవుతుంది, అని ఎన్నిసార్లు అనుకోలేదు. ఎక్కితే అమ్మ చదివించమన్న చెల్లెళ్ళ చదువులు ఎవరు చూస్తారు, అమ్మే నోరు విప్పగలిగితే వద్దంటుంది. మేనమామ కుటుంబానికి పెద్ద, ఆయన ఎప్పుడూ కసరడు, కసిరినా బాగుండును. ఆదివారం ఫోన్ చేస్తాడు, వానల గురించి అడుగుతాడు, ఒబిరి ఎలా ఉన్నాడంటాడు, ఆఖర్న గొంతు సవరించుకుంటాడు. "మీ అమ్మకి చలేస్తోందే అమ్మాయ్." అంతే, పెట్టేస్తాడు.

జీవితమంతా నిప్పు దగ్గర కూర్చున్న మనిషికి చలి. కెజెటియా బజారు మలుపులో బొగ్గుల కుంపటి, కుంపటి మీద మూకుడు, మూకుట్లో అరటికాయ ముక్కలు, అల్లం, మిరపకారం వాసన, నూనె చిట్లి చిట్లి మోచేతుల దాకా నల్లమచ్చలు. తను బడి నుంచి పరిగెత్తుకొచ్చి అమ్మ వీపుకి ఆనుకుంటే గోడకి ఎండ కాసినట్టుండేది. "లేవవే, ఒళ్ళు కాలుతోంది, నువ్వో కుంపటివి నాకు" అనేది, అంటూనే వీపు ఇంకాస్త వెనక్కి వాల్చేది. ఇప్పుడు ఆ వీపు. వద్దు. సెర్వా కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. థాయిలాండు పిల్ల నారింజ తొక్కలు రుమాల్లో మూట కడుతోంది. తలుపు పైన ఎర్ర గడియారం. ఒబిరి లోపలికి వెళ్ళి ఎంతసేపయింది? ఏమడుగుతున్నారు ఇప్పుడు? పళ్ళు తోముకునే బ్రష్షుల రంగా, ఆదివారం ఏం వండుకున్నారనా, కిటికీ తెరల రంగా? కిటికీ తెరలు నీలం. నీలమేనా, ఉతికి ఉతికి బూడిదరంగుకొచ్చాయా? ఒబిరి ఏ రంగు అంటాడు? పోనీలే, తెరల దగ్గర తప్పినా క్షమిస్తారు.

క్రితంసారి తెరల గురించి కూడా అడగలేదు. కళ్ళజోడుకి గొలుసు కట్టి మెడలో వేసుకున్న ఆఫీసరమ్మ, మంచి మనిషిలాగే ఉంది, ముందు అతన్ని అడిగింది, బయటికి పంపి తనని అడిగింది. మీ అత్తగారిది ఏ ఊరు, మీ ఆయన ఎక్కడ పనిచేస్తాడు, కార్లు నిలిపే గరాజులో, ఎన్నింటికి వస్తాడు. మీ నాన్నగారు? నా చిన్నప్పుడే పోయారు. మీ అమ్మగారు ఉన్నారా? ఉన్నారు, కుమాసీలో, అంది సెర్వా, నవ్వుతూ అంది, అమ్మ పేరెత్తితే ముఖంలోకి నవ్వు రావడం అలవాటు. ఆఫీసరమ్మ కాగితం చూసింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది. "మీ ఆయన అలా చెప్పలేదే. మీ అమ్మగారు పోయిన వారం చనిపోయారని చెప్పాడు." ఆ తర్వాత ఆవిడ ఇంకేవో అన్నది, మీ ఇంట్లో చావు జరిగితే మీకే తెలీదా, మీరిద్దరూ అసలు కలిసే ఉంటున్నారా, అన్నది. సెర్వాకి ఆ బల్ల మీద ఉన్న పెన్నుల గ్లాసు ఒక్కటే గుర్తుంది. అందులో ఒక పెన్నుకి మూత లేదు. ఆ మూత ఎక్కడికి పోయిందా అని వెతుకుతోంది తన బుర్ర, బల్ల కింద, కాగితాల చాటున, అమ్మ చచ్చిపోయింది, మూతేదీ.

చావు కబురు ఎవరు పడితే వాళ్ళు, ఎక్కడ పడితే అక్కడ చెప్పరు వాళ్ళలో. దారిలో చెప్పరు, ఫోన్లో చెప్పరు, ఖాళీ కడుపు మీద చెప్పరు. తెల్లవారుజామున ఇద్దరు పెద్దవాళ్ళు ఇంటికొస్తారు, ఆ మనిషిని కూర్చోబెడతారు, మంచినీళ్ళిస్తారు, తాగేదాకా ఆగుతారు, అప్పుడు చెబుతారు, చెప్పాక పట్టుకోవడానికి చేతులుంటాయి చుట్టూ. మేనమామ ఆ పద్ధతి ప్రకారమే ముందు అల్లుడికి చెప్పాడు. అల్లుడు ఆ పద్ధతి ప్రకారమే అక్కతోనూ చర్చి పెద్దతోనూ మాట్లాడి, శనివారం తెల్లవారుజామున రమ్మన్నాడు. ఈ ఆఫీసు పని గురువారం. గురువారం గడిచిపోతే చాలు, నా పెళ్ళాం ఆ గదిలో కుదేలవకుండా ఉంటే చాలు అనుకున్నాడు, పక్కన కూర్చుని నవ్వించాడు కూడా. అంతా సరిగ్గానే ఆలోచించాడు పాపం. ఆ గదిలో చెయ్యెత్తించి ప్రమాణం చేయిస్తారని ఒక్కటి మర్చిపోయాడు.

నడవలో తను అరిచిన అరుపు ఈ గోడలకి ఇంకా గుర్తుండే ఉంటుంది. "నాకంటే ముందు దానికి చెప్పావా? మా అమ్మ చచ్చిపోయిందని నాకంటే ముందు ఆ ఆడదానికి చెప్పావా?" ఒబిరి గోడకి చేరగిలబడిపోయాడు. "చెయ్యెత్తించి అడిగింది సెర్వా. చెయ్యెత్తాక ఎలా..." ఆ ఒక్క మాటా పదే పదే అన్నాడు, రైల్లో అన్నాడు, మెట్లెక్కుతూ అన్నాడు. ఆ సాయంత్రం తను అతని దిండు తీసుకెళ్ళి ముందుగదిలో సోఫా మీద పడేసింది. ఆ సోఫా పొట్టిది, అతని కాళ్ళు బయటికొస్తాయి, ఇటు దొర్లితే స్ప్రింగు కిర్రుమంటుంది, అటు దొర్లితే కిర్రుమంటుంది, వినపడుతూనే ఉంటుంది తనకి మంచం మీద. ఒక మనిషి నిద్రపోకుండా ఎంతసేపు పడుకోగలడో ఆ కిర్రులని బట్టి తెలిసింది. పిలిస్తే వచ్చేవాడు. రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది కూడా పిలుపు. అప్పుడే ఆ పెన్ను మూత గుర్తొచ్చేది, నోరు మూసుకునేది.

అంతకుముందు మంచం మీద కుడిపక్క, గోడవైపు అతనిది. ఇవతల తను. తన పాదాలు ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటాయి, పడుకోగానే అవి తీసుకెళ్ళి అతని పిక్కల మీద పెట్టేది, అతను కెవ్వుమనేవాడు. "అమ్మో ఐసుగడ్డలు! ఇవి నీ కాళ్ళా, చేపల బజార్లో కొనుక్కొచ్చావా?" అనేవాడు, కానీ కాళ్ళు లాక్కునేవాడు కాదు. ఇప్పుడు ఐసన్న మాట ఎవరి నోట విన్నా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. వంటింట్లో ఫ్రిజ్ మూలుగు వినలేక ఒకరోజు కొట్టు నుంచి రాగానే ప్లగ్గు పీకేసింది. చేపలు కుళ్ళి, ఇల్లంతా కంపు కొట్టి, ఒబిరి పని నుంచి వచ్చి చొక్కా చేతులు పైకి మడిచి మొత్తం కడిగాడు, నిమ్మకాయతో తుడిచాడు. మర్నాడు గరాజు నుంచి నల్ల రబ్బరు ముక్కలు తెచ్చి ఫ్రిజ్ నాలుగు కాళ్ళ కిందా పెట్టాడు. ప్లగ్గు పెట్టి, చెవి ఆనించి విన్నాడు. మూలుగు తగ్గింది. తను తలుపు దగ్గర నిలబడి చూసింది. బాగుంది అనలేదు, థాంక్స్ అనలేదు, నీళ్ళు తాగి వెళ్ళి పడుకుంది. అంత రాయిగా ఎలా అయిపోయావే అని అమ్మ ఉంటే తిట్టేది.

అమ్మకి అతనంటే ఇష్టం. ఫోటో చూసి, "ముఖం చూస్తే ముక్కుసూటి మనిషిలా ఉన్నాడు, వీడితో కాపురం కొంచెం కష్టమే" అంది. నిజమే, ముక్కుసూటి మనిషి. తను మొదటిసారి పల్లీల పులుసు వండి పెడితే వచ్చినవాళ్ళంతా ఆహా అన్నారు, అతను మాత్రం "అడుగంటింది" అన్నాడు, అని మూడోసారి వడ్డించుకున్నాడు. బిరాగో కొత్త విగ్గు పెట్టుకుని చర్చికి వస్తే, ఎలా ఉందిరా అంటే, వానలో తడిసిన కోడిలా ఉన్నావన్నాడు, ఆవిడ నెలరోజులు మాట్లాడలేదు. పోలీసువాడు ఏదో దారి అడగబోతే ఇందాక ఎర్రదీపం దాటానని తనే చెప్పేసుకున్నాడు. ఇలాంటి మనిషిని లోపల కూర్చోబెట్టి, చెయ్యెత్తించి, మీరిద్దరూ ఎక్కడ పడుకుంటారని అడుగుతున్నారు ఇప్పుడు. అడిగే ఉంటారు.

మాట్లాడుకుని ఉండాల్సింది. పొద్దున రైల్లో అడుగుదామనుకుంది, మంచం సంగతి అడిగితే ఏమంటావు, అని. ఒక్క వాక్యం. కానీ ఆ వాక్యం అడగాలంటే మంచం గురించి మాట్లాడాలి, మంచం గురించి మాట్లాడాలంటే సోఫా గురించి మాట్లాడాలి, ఆ సోఫా వెనకాల అమ్మ ఉంది, ఆ ఆఫీసరమ్మ ఉంది, నడవలో అరిచిన అరుపుంది. అతను కూడా రెండుసార్లు ఇటు తిరిగి నోరు తెరిచాడు. ఒకసారి రైలు కుదిపింది, ఇంకోసారి ఒకావిడ కూరల సంచీలతో వచ్చి ఇద్దరి మధ్యా కూర్చుంది. సెర్వాకి ఆవిడ కూర్చున్నందుకు హాయిగా అనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే ఆ హాయికి సిగ్గేస్తోంది. ఊళ్ళో జనానికి జడలల్లుతూ వాళ్ళ మొగుళ్ళ గురించి, అత్తల గురించి గంటలు గంటలు మాట్లాడే నోరు ఇది, సొంత మొగుణ్ణి ఒక్క మాట అడగలేకపోయింది.

పెళ్ళప్పుడు కూడా మాటలన్నీ ఫోన్లోనే. ఇక్కడ కోర్టులో సంతకాలయ్యాక కుమాసీలో రెండు కుటుంబాలూ కూర్చున్నాయి, మందు సీసాలు మధ్యలో పెట్టారు, పెళ్ళికూతురూ లేదు పెళ్ళికొడుకూ లేడు, వాళ్ళకి బదులు ఒక ఫోను స్టూలు మీద. మేనమామ గొంతు పెద్దది చేసి అడిగాడు, సెర్వా, ఈ మందు పుచ్చుకోమంటావా? పుచ్చుకోండి మావయ్యా. మళ్ళీ అడిగాడు, రేపు మేం తాగేశాక కక్కమంటే కక్కలేం, పుచ్చుకోమంటావా? అందరూ నవ్వారు. పుచ్చుకోండి. పిల్లని మూడుసార్లు అడగాలి, మూడోసారి అడిగేసరికి లైను తెగిపోయింది. తను ఇక్కడ హలో హలో అని అరుస్తోంది. తర్వాత తెలిసింది, అక్కడ అందరూ ముఖాలు చూసుకుంటుంటే అమ్మ లేచిందట. "నా పిల్ల ఒప్పుకుంది. దాని గొంతు నాకు తెలుసు, పోయండి మందు." ఆ మూడో అవును అమ్మది. ఆ ఫోటో ఇప్పుడు సంచీలోనే ఉంది, సీసా గుండెలకి హత్తుకుని అమ్మ. ఒబిరిని మాత్రం ఎవరూ ఒక్కసారైనా అడగలేదు. మగవాణ్ణి అడగరు, వచ్చాడంటే ఇష్టపడే వచ్చాడని. వాళ్ళూరి పద్ధతికి ఇక్కడి పద్ధతి ఎదురు, ఇక్కడ పౌరసత్వం ఉన్నది మగవాడికి కాబట్టి అతన్నే అడుగుతారు, ఈమె నీ పెళ్ళామేనా, ఈమె నీ పెళ్ళామేనా.

ఇప్పుడు తను ఏమనాలి? ఒకే మంచం అంటే? అతను సోఫా అని చెప్పి ఉంటే అయిపోయినట్టే. సోఫా అంటే? అతను మంచం అని ఉంటే అయిపోయినట్టే. సంచీ పట్టెడ జడ అల్లింది, విప్పింది. అతను చెప్పగలడా అబద్ధం? పులుసు దగ్గర చెప్పలేదు, విగ్గు దగ్గర చెప్పలేదు, కన్నతల్లి లాంటి అత్తగారి చావు దగ్గర, పెళ్ళాం కొంప మునుగుతుందని తెలిసి కూడా చెప్పలేదు. చెయ్యెత్తాక చెప్పలేడు. ఆ సంగతి తనకి తెలిసినంత ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు. కాబట్టి తను అతన్ని నమ్మాలి. అతను నిజం చెబుతాడు, తనూ నిజమే చెప్పాలి, అవును, సోఫా మీద పడుకుంటున్నాడు, మా అమ్మ కబురు మీ గదిలో తెలిసిన రోజు నుంచీ అని చెప్పాలి, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోరా, పోట్లాడుకున్నారంటేనే మొగుడూ పెళ్ళాలు. ఆలోచన అక్కడికి చేరేసరికి సెర్వాకి ఎన్నాళ్ళకో గుండె కొంచెం తేలికైంది. అతన్ని తను ఎరుగును. ఇంత కోపంలోనూ అతన్ని ఎరుగును. అదే కదా వీళ్ళు పరీక్ష చేస్తామంటున్నది.

తలుపు తెరుచుకుంది. ఒబిరి బయటికొచ్చాడు, నుదురు చెమటలు పట్టి ఉంది, తనకేసి చూసి ఏదో చెప్పబోయాడు. కాపలా మనిషి మధ్యలో నిలబడి, మాట్లాడకూడదు, ఇటు రండమ్మా, అన్నాడు. పక్కనుంచి వెళుతుంటే ఒబిరి చెయ్యి తన చేతికి తగిలింది. వేడిగా ఉంది.

అదే గది. అదే ఆఫీసరమ్మ, మెడలో అదే గొలుసు. పెన్నుల గ్లాసు మాత్రం లేదు. చెయ్యెత్తించింది. బ్రష్షులు, తనది ఆకుపచ్చ, అతనిది తెలుపు. ఆదివారం వండింది అన్నం, టమాటా పులుసు. తెరలు నీలం. వకీలు పక్కన కూర్చుని ప్రతి జవాబుకీ కాగితం మీద చిన్న చుక్క పెట్టుకుంటున్నాడు, తృప్తిగా. "మీరిద్దరూ ఎక్కడ పడుకుంటారు? ఎవరు ఏ పక్క?" సెర్వా ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "నేను మంచం మీద. మా ఆయన ముందుగదిలో సోఫా మీద. మా అమ్మ కబురు తెలిసినప్పటి నుంచీ అలాగే."

వకీలు పెన్ను ఆగిపోయింది. చుక్క పెట్టలేదు. ఆయన కళ్ళు మూసుకోవడం సెర్వా చూసింది. ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది.

"మీ ఆయన అలా చెప్పలేదే."

"ఏం... ఏం చెప్పాడు?"

ఆవిడ చెప్పనక్కర్లేదు, చెప్పకుండా ఉండాల్సింది, ఎందుకో చెప్పింది, కాగితం మీంచి చదివినట్టు, తాపీగా. "ఒకే మంచం. కుడిపక్క, గోడవైపు తను. ఇవతల మీరు. నిన్న కూడా. మీ పాదాలు చల్లగా ఉంటాయట, ఆయన కాళ్ళ మీద పెడతారట, ప్రతి రోజూ ఆయన కేకపెడతాడట." కాగితం కింద పెట్టింది. "ఇంత వివరంగా చెప్పాడు. మీరేమో సోఫా అంటున్నారు. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు."

"మా ఆయనకి అబద్ధం చెప్పడం రాదండీ" అంది సెర్వా. అన్నాక ఆ మాట గదిలో ఎలా వినపడిందో తనకే తెలిసింది. ఆఫీసరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు, రాసుకుంది. వకీలు ఏదో సర్దిచెప్పబోయాడు, శోకం అన్నాడు, ఆచారం అన్నాడు, ఆవిడ అదీ రాసుకుంది. నిర్ణయం పోస్టులో వస్తుందని చెప్పింది. ఆ గొంతులోనే వచ్చేసింది నిర్ణయం. సెర్వాకి మాత్రం ఆ నిర్ణయం కంటే ముందు ఇంకోటి కళ్ళ ముందు నిలబడింది, చెమటలు పట్టిన నుదురుతో, ఎత్తిన చేత్తో, జన్మలో మొదటి అబద్ధం చెబుతున్న ఒబిరి. చెప్పడం అలవాటు లేక పాదాల దాకా చెప్పేశాడు. పొట్టి సోఫా మీద ఇన్నాళ్ళూ ఆ పాదాలనే తలుచుకుంటూ పడుకున్నాడేమో. తను అతన్ని ఎరుగుదుననుకుంది. ఎరగదు. ఇదివరకు నిజం చెప్పి ముంచాడు, ఇప్పుడు తను నిజం చెప్పి ముంచింది, అమ్మ అక్కడే ఉంది ఆకుపచ్చ తలుపు వెనక.

నడవలోకి వచ్చాక వకీలు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. "నేను చెబుతానమ్మా మీ ఆయనకి. తప్పు ఎవరిదీ కాదు." సెర్వా ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. "వద్దు సార్. ఇక్కడ వద్దు. దారిలో చెప్పరు మాలో." ఆయన ఆగాడు. "మాలోనూ అంతే" అన్నాడు మెల్లగా, మెట్లవైపు వెళ్ళిపోయాడు.

గది చివర ఒబిరి సెర్వా చలికోటు పట్టుకుని నిలబడి ఉన్నాడు, బడి వదిలే వేళ గేటు దగ్గర నిలబడ్డట్టు. "మంచం సంగతి అడిగిందా?"

"అడిగింది."

"ఏమన్నావు?"

అతని కోటు మెడ దగ్గర ఇస్త్రీ మచ్చ. దాన్నే చూస్తూ అంది సెర్వా. "కుడిపక్క, గోడవైపు నువ్వు. ఇవతల నేను."

ఒబిరి భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. ఇన్నాళ్ళూ ఆ భుజాలు అంత పైన ఉన్నాయని తనకి ఇప్పుడే తెలిసింది. "నేనూ అదే అన్నాను. చెయ్యెత్తి మరీ అన్నాను సెర్వా. దేవుడు ఏమనుకుంటాడో."

"ఏమీ అనుకోడు."

"క్రిస్మస్ లోపు అమ్మని సాగనంపుదాం. గుడ్డ నేనే కొంటాను, బిరాగో ఎంచుతానంటుంది, ఎంచనివ్వద్దు." చలికోటు సెర్వా భుజాల మీద కప్పాడు, కప్పుతూ అతని వేళ్ళు మెడకి తగిలాయి, తను పక్కకి జరగలేదు. ఎప్పుడు చెప్పాలి? రైల్లో కాదు. ఇంటికెళ్ళగానే కాదు. బిరాగోని రమ్మనాలి, చర్చి పెద్దని రమ్మనాలి, శనివారం తెల్లవారుజామున. కూర్చోబెట్టాలి. మంచినీళ్ళివ్వాలి, తాగేదాకా ఆగాలి. అప్పటిదాకా మోయాలి. ఇంత బరువు నెత్తిన పెట్టుకుని ఆ రోజు ఈ మనిషి తన పక్కన కూర్చుని ఎలా నవ్వించాడు, ఎక్కణ్ణుంచి వచ్చింది అతనికి ఆ నవ్వు, అని వెతుక్కుంది సెర్వా. ముసలి తెల్లాయన ఇంకా అక్కడే ఉన్నాడు, థాయిలాండు పిల్ల ఇంకో నారింజ తీసింది.

ఒబిరి చెవి దగ్గరికి వంగింది. "ఆయనకి ఆ పిల్ల పేరు తెలీదు చూడు. నోట్లో తొనలుంటే చెప్పక్కర్లేదని తింటూనే ఉన్నాడు."

అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు, భుజాలు కదిలేలా, కాపలా మనిషి ఇటు తిరిగి చూసేదాకా.